అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర: చేసేదెంత, చేయలేనిదెంత

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకి నులిపురుగుల మాత్ర వేస్తారు. ఏడాది నిండినవాళ్ళ నుంచి 19 ఏళ్ళ వాళ్ళ దాకా అందరికీ ఆల్బెండజోల్. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్రలో సగం, రెండు దాటితే పూర్తి మాత్ర. మూడేళ్ళ లోపు పిల్లలకైతే మాత్రని రెండు చెంచాల మధ్య పెట్టి పొడి చేసి, నీళ్ళలో కలిపి, టీచరు కళ్ళముందే తాగించాలి. ఇంటికి ఇచ్చి పంపకూడదు. ఆ రోజు నలతగా ఉన్న పిల్లలకీ, రానివాళ్ళకీ కొద్ది రోజుల తర్వాత మాప్-అప్ రోజున వేస్తారు. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన ఈ కార్యక్రమం 2016 నుంచి దేశమంతా నడుస్తోంది.

మాత్ర మింగిన పిల్లల్లో కొందరికి కడుపునొప్పి, వాంతులు వస్తాయి. తల్లిదండ్రులు టెన్షన్ పడి ఆసుపత్రికి పరుగెడతారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో అవి చచ్చేటప్పుడు ఇలా కావడం మామూలే, చాలావరకు కొద్ది గంటల్లో సర్దుకుంటుంది. మందు పాతది, చవకైనది, దశాబ్దాలుగా కోట్ల మంది పిల్లలు వాడినది. దాని మీద అనుమానం పెట్టుకోవాల్సిన పని లేదు. అయితే మాత్ర వేశాం కాబట్టి ఇక ఆ కేంద్రంలో పిల్లల కడుపులకి ఢోకా లేదనుకోవడం మాత్రం పొరపాటు. చిన్నపిల్లలు గుంపుగా గడిపే చోట ఒకరి నుంచి ఒకరికి పాకే పరాన్నజీవులు వేరే ఉన్నాయి. ఏటా రెండుసార్లు వేసే ఒక్క డోసు వాటి దారిలోకి సరిగ్గా రాదు.

ముందు మాత్ర దేని కోసమో చూడాలి. ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు, ఈ మూడూ మట్టి ద్వారా వచ్చేవి. ఆడ ఏలికపాము రోజుకి దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికొచ్చి మట్టిలో పడతాయి. పడ్డ వెంటనే వాటితో ప్రమాదం లేదు. తేమ, నీడ ఉన్న నేలలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే లోపల పిల్లపురుగు తయారవుతుంది. ఆ తర్వాత అదే మట్టి చేతికంటి, చేయి నోట్లోకి వెళ్తే కథ మళ్ళీ మొదలు. పేగులో పొదిగిన పిల్లపురుగు నేరుగా అక్కడే పెరగదు. పేగు గోడ దాటి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకి చేరి, గొంతులోకి పైకొచ్చి, మింగినప్పుడు తిరిగి పేగులోకి దిగుతుంది. ఇదంతా అయి గుడ్లు పెట్టే దశకి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కొంకిపురుగు తీరు వేరు. దాని పిల్లపురుగు తడి నేలలో కాచుకుని, ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పేగు గోడని కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. రక్తహీనతకి దీనికి ఉన్న సంబంధం అదే.

ఈ మూడింటి మీదా మాత్ర ఒకేలా పని చేయదు. ఒక్క డోసు ఆల్బెండజోల్‌తో ఏలికపాములు పూర్తిగా పోయేవాళ్ళు నూటికి 95 మంది దాకా ఉంటే, కొంకిపురుగుల విషయంలో ఆ లెక్క 80 దగ్గర, కొరడాపురుగుల విషయంలో 30 దగ్గర ఆగిపోతుంది. వేలెడంత కూడా ఉండని ఈ కొరడాపురుగు పెద్దపేగు గోడలో తల దూర్చుకుని ఉంటుంది. అది విపరీతంగా పెరిగిన పిల్లల్లో విరేచనాలు పట్టి పీడిస్తాయి, కొందరికి ఆసనం బయటికి జారుతుంది కూడా.

మట్టి పురుగుల గుడ్లకి వారాల వ్యవధి కావాలి కాబట్టి ఒక పిల్లవాడి దగ్గర్నుంచి పక్కన కూర్చున్న పిల్లకి అవి ఆ రోజే నేరుగా అంటవు. మధ్యలో మట్టి ఉండాలి. కేంద్రం వెనక కంచె పక్కన పిల్లల్ని దొడ్డికి కూర్చోబెడుతుంటే, ఆ నేల మీదే మర్నాడు ఆటలు ఆడిస్తుంటే, అప్పుడు ఆ కేంద్రమే పురుగుల పొలం. చిన్నపిల్లల మలం ఏం చేస్తుందిలే అనే ధోరణి మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్ళు మరుగుదొడ్డికి వెళ్ళే ఇంట్లో కూడా చంటిపిల్లల మలాన్ని కాగితంలో ఎత్తి పెంట మీద వేయడం, కాలవలో కడిగేయడం మామూలే. నిజానికి ఏలికపాములు ఎక్కువగా ఉండేది పిల్లల్లోనే, వాళ్ళ మలంలోనే గుడ్లు దండిగా ఉంటాయి.

ఇక రెండో రకం. వీటికి మట్టి అక్కర్లేదు, వారాల వ్యవధి అక్కర్లేదు.

జియార్డియా పురుగు కాదు, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడే ఏకకణ జీవి. పేగుకి అతుక్కుని బతుకుతుంది. బయటికొచ్చేటప్పుడు గట్టి పొర కట్టుకున్న సిస్టుగా మారి వస్తుంది. ఆ సిస్టు మలంలో బయటపడ్డ క్షణం నుంచే అంటించే స్థితిలో ఉంటుంది. పది సిస్టులు నోట్లోకి వెళ్ళినా చాలు. చల్లటి నీళ్ళలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. మనం మామూలుగా నీళ్ళలో వేసే మోతాదు క్లోరిన్‌కి అంత తేలిగ్గా లొంగదు. అంటిన వారం నుంచి మూడు వారాల్లోపు పల్చటి, జిడ్డుగా తేలే, భరించలేని వాసన వేసే విరేచనాలు, కడుపుబ్బరం, ఆకలి తగ్గడం కనబడతాయి. చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనబడదు. వాళ్ళు ఆడుతూ పాడుతూ తిరుగుతూనే రోజూ సిస్టులు వదులుతుంటారు. అమెరికా లాంటి దేశాల్లో ఏలికపాములు దాదాపు కనుమరుగైనా డేకేర్ సెంటర్లలో జియార్డియా మాత్రం పోలేదు. డైపర్ల వయసు పిల్లలు పదిమంది ఒకచోట ఉంటే చాలు, దానికి బతుకుదెరువు దొరికినట్టే.

పిన్‌వార్మ్ సంగతి తల్లులకి బాగా తెలుసు. పిల్లవాడు రాత్రిళ్ళు నిద్రలో కింద గోక్కుంటూ ఏడుస్తాడు. లైటు వేసి చూస్తే ఆసనం దగ్గర దారప్పోగుల్లాంటి సన్నటి తెల్ల పురుగులు, సెంటీమీటరు పొడుగువి, కదులుతుంటాయి. ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి అక్కడ పదివేల దాకా గుడ్లు పెడుతుంది. అవి నాలుగు నుంచి ఆరు గంటల్లోనే అంటించడానికి సిద్ధమవుతాయి. గోకిన గోళ్ళలో చేరి, పొద్దున్నే ఆ చేయి పలక పట్టుకుంటుంది, బొమ్మ పట్టుకుంటుంది, పక్క పిల్ల చేతిలోని మురుకు లాక్కుంటుంది. దుప్పట్ల మీద, నిక్కర్ల మీద ఆ గుడ్లు రెండు మూడు వారాలు బతికి ఉంటాయి. మధ్యాహ్నం పిల్లలందరినీ ఒకే చాప మీద, ఒకే దుప్పటి కింద పడుకోబెట్టే చోట ఒకరికి వస్తే మిగతావాళ్ళకి రాకుండా ఉండటం కష్టం.

పళ్ళు కొరికితే కడుపులో పాములున్నాయనీ, బెల్లం, చాక్లెట్లు తింటే పురుగులు పడతాయనీ ఇళ్ళలో అనే మాటలకి ఆధారం లేదు. తీపి తింటే పుచ్చేది పళ్ళు, పురుగులు పుట్టేది తీపిలో కాదు. ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం ఏమిటంటే, తల్లి మిఠాయి మానిపించి ఊరుకుంటుంది, గోళ్ళు కత్తిరించదు.

పరీక్షల విషయానికొస్తే పరిస్థితి ఇంకాస్త జటిలం. మట్టి పురుగుల సర్వేల్లో వాడే మల పరీక్ష పురుగుల గుడ్లని లెక్కపెట్టడానికి తయారైంది. అందులో జియార్డియా పట్టుబడదు. దాన్ని వెతకడానికి విడిగా పరీక్ష చేయించినా, సిస్టులు రోజూ ఒకేలా రావు కాబట్టి ఒక్క నమూనాలో కనబడకపోవచ్చు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడమంటారు. పిన్‌వార్మ్ గుడ్లు మలంలో కాకుండా చర్మం మీద ఉంటాయి కాబట్టి మల పరీక్షలో అవీ సాధారణంగా రావు. పొద్దున్న లేవగానే, స్నానానికి ముందు, ఆసనం దగ్గర పారదర్శకమైన టేపు అంటించి తీసి దాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. అంటే చిన్నపిల్లల కేంద్రాల్లో బాగా వ్యాపించే ఈ రెండూ మన లెక్కల్లో దాదాపుగా లేవు. లెక్కలోకి రానిదానికి బడ్జెట్‌లో చోటూ దొరకదు.

లెక్కలోకి వచ్చినవాటి సంగతి కూడా చూడాలి. కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిన సర్వేల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో మట్టి పురుగులున్న పిల్లలు 2016లో 74.6 శాతం ఉంటే 2018 నాటికి 13.9 శాతానికి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో 36 శాతం, 2019లో 34.3 శాతం. ఒకటే మాత్ర, ఒకటే కార్యక్రమం, ఒక రాష్ట్రంలో కొండంత తేడా, పక్కనే మరో రాష్ట్రంలో మూడేళ్ళ తర్వాత కూడా దాదాపు అక్కడే. ఎంతమంది నిజంగా మింగారు, ఏ పురుగు ఎక్కువ, వాన ఎంత, నేల ఎలాంటిది, మరుగుదొడ్ల వాడకం ఎంత అనేవన్నీ కలిసి ఈ తేడా తెస్తాయి. మాత్ర పురుగుని చంపుతుంది, నేలలోని గుడ్డుని చంపదు. మింగిన పిల్లవాడు మర్నాడు అదే నేల మీద ఆడితే రెండు మూడు నెలల్లో కడుపులో మళ్ళీ గుడ్లు పెట్టే పాములు తయారు. తర్వాతి మాత్ర రావడానికి ఆరు నెలలు.

ఇంతకీ పురుగులు తగ్గితే పిల్లలు బరువు పెరుగుతారా? ఈ ప్రశ్నకి అంగన్‌వాడీల నుంచే జవాబు వెతికిన పెద్ద పరిశోధన ఒకటి ఉంది. దాని పేరు దేవ్తా. 1999 నుంచి 2004 దాకా ఉత్తరప్రదేశ్‌లో 72 బ్లాకుల్లో, 8,338 అంగన్‌వాడీ కేంద్రాల పరిధిలో, ఒకటి నుంచి ఆరేళ్ళ వయసున్న పది లక్షల మంది పిల్లల మీద జరిగింది. సగం బ్లాకుల్లో ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇచ్చారు, మిగతా సగంలో ఇవ్వలేదు. ఫలితాలు 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. మల పరీక్షల్లో పురుగుల గుడ్లు కనబడ్డ పిల్లలు మాత్ర ఇచ్చిన చోట 16 శాతం, ఇవ్వని చోట 36 శాతం. పురుగులు సగానికి పైగా తగ్గాయన్నమాట. కానీ పిల్లల బరువులో తేడా లేదు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ ఫలితాన్ని పట్టుకుని మాత్రే దండగ అన్నవాళ్ళున్నారు. అది తొందరపాటు. ఆ పిల్లల్లో చాలామందికి ఉన్న పురుగులు తక్కువ, అందుకే తీసేసినా పెద్ద మార్పు కనబడి ఉండకపోవచ్చు. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో జరిగిన పరిశోధనలో, మాత్రలు వేసిన తర్వాత బడి మానేసే రోజులు నాలుగో వంతు తగ్గాయని ఆర్థికవేత్తలు మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ 2004లో చూపించారు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదులాట జరిగింది. ఎటూ అది బడి ఈడు పిల్లల సంగతి. పురుగులు తీవ్రంగా ఉన్న పిల్లవాడికి మాత్ర వల్ల మేలు జరుగుతుందన్నదాంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. దేవ్తా చెప్పేది వేరు: ఆరేళ్ళ లోపు పిల్లవాడి ఎదుగుదల ఆగిపోవడానికి మట్టి పురుగు ఒక్కటే కారణం కాదు, దాన్ని తీసేసినంత మాత్రాన ఎదుగుదల దానంతటదే రాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అప్పటికి మాత్రలు వేయడం మొదలుపెట్టి కొన్నేళ్ళయింది. ఎత్తు పెరగకపోవడానికి తిండి, తల్లి ఆరోగ్యం, పుట్టినప్పటి బరువు వంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో విరేచనాలు కూడా లేకుండా పేగుని నెలల తరబడి పాడుచేసే ఇన్ఫెక్షన్లు ఒకటి. భారత్‌లోని వెల్లూరు సహా ఎనిమిది దేశాల్లో పుట్టినప్పటి నుంచి పిల్లల్ని గమనించిన మాల్-ఎడ్ అధ్యయనంలో, పసితనంలోనే జియార్డియా అంటుకుని వదలకుండా ఉన్న పిల్లలు రెండేళ్ళకి ఎత్తులో వెనకబడ్డారని తేలింది. ఆ పిల్లల్లో విరేచనాలు ఎక్కువేమీ కాలేదు. విరేచనాలు లేవు కదా అని ఏ తల్లీ డాక్టర్ దగ్గరికి వెళ్ళదు, ఏ టీచరూ రిజిస్టర్లో రాయదు.

అందుకే మాత్ర రోజు కాకుండా మిగతా రోజుల్లో కేంద్రంలో ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి. ఒక మామూలు అంగన్‌వాడీ పొద్దుటిపూట తీసుకుందాం. టీచరు ఒకరు, ఆయా ఒకరు. మూడేళ్ళ పిల్లవాడు నిక్కర్లో వెళ్ళిపోతాడు. ఆయా వాడిని వెనక్కి తీసుకెళ్ళి, మగ్గుతో నీళ్ళు పోసి కడిగి, నిక్కరు జాడించి, చేతులు నీళ్ళతో కడుక్కుని, పక్కనే ఉన్న చీర చెంగుకి తుడుచుకుని, పొయ్యి మీద అన్నం పొంగుతోందని వంటగదిలోకి పరుగెత్తుతుంది. తర్వాత అవే చేతులతో ఉడికిన గుడ్లు వలిచి పిల్లల పళ్ళేల్లో పెడుతుంది. ఇందులో ఆమె నిర్లక్ష్యం ఏమీ లేదు. ఉన్నది ఒక్క మనిషి, చేయాల్సినవి ఇద్దరి పనులు. కుళాయి దూరంగా ఉంటుంది, సబ్బు సొంత డబ్బుతో కొనాలి, అద్దె గదిలో నడిచే కేంద్రమైతే మరుగుదొడ్డి ఇంటి ఓనరు దయ. పిల్లల్ని కడిగే మనిషి, వండి వడ్డించే మనిషి వేరువేరుగా ఉండాలన్నది డేకేర్ పరిశుభ్రతలో మొదటి పాఠం. మన కేంద్రాలు ఆ పాఠానికి వీలు లేకుండానే నిర్మాణమయ్యాయి. గౌరవవేతనం మీద బతికే ఆయాకి పరిశుభ్రత మీద శిక్షణ తరగతి పెట్టడం కన్నా, ఆమె చేతికందేంత దూరంలో కుళాయి, నెలనెలా అంగన్‌వాడీ కేంద్రం ఖర్చుతో సబ్బు పెట్టడం ముందు జరగాలి.

సబ్బు అనే చోట శానిటైజర్ సరిపోదు. కొవిడ్ తర్వాత చాలా ప్లేస్కూళ్ళు గుమ్మం దగ్గరే శానిటైజర్ సీసా పెట్టి చేతులు శుభ్రమైనట్టే అనుకుంటున్నాయి. పిన్‌వార్మ్ గుడ్ల మీద, డేకేర్లలో విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే మరో పరాన్నజీవి మీద ఆల్కహాల్ పనిచేయదు. వాటిని చంపడం కన్నా సబ్బుతో రుద్ది, పారే నీళ్ళలో కడిగేయడమే ఉపాయం.

నీళ్ళ సంగతిలో ఇంకో పొరపాటు ఉంది. ఈ రోజుల్లో ఊళ్ళలో కూడా ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. క్యాన్ నీళ్ళు కదా, ఇక భయం లేదనుకుంటారు. క్యాన్ లోంచి బిందెలో పోసి, అందులో పిల్లలు గ్లాసులు ముంచుకుని తాగితే ఆ నీళ్ళు ఎక్కడివైనా ఒకటే. కాడ ఉన్న గరిటె, లేదా కుళాయి ఉన్న డ్రమ్ము అక్కడ కావాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. మరుగుదొడ్లు బాగుచేసిన ఇళ్ళలో, చేతులు సబ్బుతో కడిగే ఏర్పాటు చేసిన ఇళ్ళలో చిన్నపిల్లలకి జియార్డియా తగ్గింది. తాగునీళ్ళు శుద్ధి చేసుకోవడం ఒక్కటే చేసిన ఇళ్ళలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. నీళ్ళు మరగబెట్టడం మంచి పనే, జియార్డియా సిస్టులు మరిగే నీళ్ళలో చస్తాయి. కానీ పిల్లల మధ్య అది తిరిగే ముఖ్యమైన దారి చేతులు.

నగరాల్లో రూపం మారుతుంది, దారి మారదు. 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలంది. హైదరాబాద్, విశాఖల్లో ఆరు నెలల పిల్లల్ని కూడా రోజంతా ఉంచుకునే క్రెష్‌లు వీధికొకటి వచ్చాయి. ఏసీ గది, రంగుల గోడలు, సీసీ కెమెరా చూసి తల్లిదండ్రులు ఫీజు కడతారు. చూడాల్సింది డైపర్ మార్చే బల్ల. అది వంటగదికీ, పాలసీసాలు కలిపే చోటుకీ ఎంత దూరంలో ఉంది, దాని పక్కన సింక్ ఉందా, ప్రతి పిల్లవాడి తర్వాత బల్ల తుడుస్తున్నారా, మార్చిన మనిషి చేతులు కడిగాక పిల్లవాడి చేతులు కూడా కడుగుతున్నారా. వాడిన డైపర్లు మూత ఉన్న డబ్బాలోకి వెళ్తున్నాయా, లేక క్యారీబ్యాగులో కట్టి పక్క ఖాళీ స్థలంలో పడుతున్నాయా. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు రోజూ సబ్బునీళ్ళలో కడిగి ఎండలో ఆరబెడుతున్నారా. ఎండకీ, ఎండిపోవడానికీ జియార్డియా సిస్టులు తట్టుకోవు, మన ఊళ్ళలో ఎండకి కొదవ లేదు.

వైద్యం విషయంలో ఎక్కువగా జరిగే తప్పు పిన్‌వార్మ్‌తో. ఒక్క మాత్ర వేసి వదిలేస్తే బతికున్న గుడ్ల నుంచి మళ్ళీ పురుగులు వస్తాయి. రెండు వారాల తర్వాత రెండో డోసు పడాలి. ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలి, కేంద్రంలో ఇద్దరు ముగ్గురికి కనబడితే డాక్టర్ సలహాతో అక్కడా అందరికీ ఒకే రోజున. మొదటి మాత్ర పడ్డ మర్నాడే దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతకాలి, పిల్లవాడికి పొద్దున్నే స్నానం చేయించాలి, గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. ఇది సిగ్గుపడాల్సిన జబ్బు కాదు, మురికి ఇళ్ళకే వచ్చేదీ కాదు. తల్లి సిగ్గుపడి టీచరుకి చెప్పకపోతే మళ్ళీ అక్కడి నుంచే ఇంటికి వస్తుంది.

జియార్డియాకి నులిపురుగుల రోజు వేసే ఒక్క డోసు పనిచేయదు. పరీక్షలో తేలిన పిల్లవాడికి మెట్రోనిడజోల్ లేదా టినిడజోల్ వంటి మందు, బరువుని బట్టి, డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడాలి. వారం దాటినా తగ్గని విరేచనాలు, బరువు తగ్గడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనబడినా మెడికల్ షాపులో అడిగి మందు తెచ్చుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విరేచనాలు ఆగేదాకా పిల్లవాడిని కేంద్రానికి పంపకూడదు. ఇది రాసినంత తేలిక కాదు. కూలికి వెళ్ళే తల్లి రెండు రోజులు ఇంట్లో ఉంటే రెండు రోజుల కూలి పోతుంది, అందుకే ఆమె పిల్లవాడికి బాగుందని చెప్పి దింపేసి వెళ్తుంది. నలతగా ఉన్న పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టడానికి ఒక మూల, చూసుకోవడానికి ఇంకొక మనిషి ఉన్న కేంద్రానికి ఆమె నిజం చెప్పగలుగుతుంది.